ఇంటి అక్వేరియంలో సీ ఎనిమోన్‌ని పెంచడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం

సీ ఎనిమోన్ కొనాలని ఉందా? అయితే ముందు మీ ఇంట్లో మే నెల ఎంత వేడిగా ఉంటుందో, అక్టోబరులో తుఫానొస్తే కరెంటు ఎన్నాళ్లు పోతుందో ఆలోచించుకోండి. ఈ జీవి గురించి నేర్చుకోవాల్సింది చాలానే ఉంది గానీ, మన రెండు జిల్లాల్లో దాని బతుకు తేలేది ఎక్కువగా ఆ రెండు నెలల్లోనే. లైటు ఏ కంపెనీది కొనాలి, ఉప్పు ఏ బ్రాండు మంచిది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

చూపుకి పువ్వులా ఉంటుంది గానీ ఎనిమోన్ జంతువు. అడుగున రాయిని పట్టుకునే పాదం, పైన నోరు, నోటి చుట్టూ వేళ్లలా కదిలే టెంటకిల్స్. ఆ టెంటకిల్స్ నిండా కుట్టే కణాలుంటాయి. తినేదీ, విసర్జించేదీ ఒకే నోటితో. ఈ సంగతి గుర్తుంచుకుంటే ముందుముందు అనవసరంగా భయపడరు. టెంటకిల్స్ మధ్య దాక్కుని బతికే క్లౌన్ చేపలకి ఇల్లయ్యే జాతుల ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడని నాచు లాంటివి) కూడా కాపురముంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి అందులో పెద్ద వాటా ఎనిమోన్‌కి ఇస్తాయి. దానికి మంచి లైటు కావాలనేది ఇందుకే.

ఆయుష్షు విషయానికొస్తే, స్కాట్లాండులో జాన్ డాలియల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో తీరం నుంచి ఒక ఎనిమోన్‌ని ఇంటికి తెచ్చుకున్నారు. 1851లో ఆయన పోయాక కూడా అది వేరేవాళ్ల సంరక్షణలో 1887 వరకు గాజు పాత్రలోనే బతికింది. అది చల్లటి సముద్రపు జాతి, దానికి మన జాతులంత లైటు అక్కర్లేదు, నిజమే. కానీ పంపులు, ఫిల్టర్లు లేని రోజుల్లో ఓపికగా నీళ్లు మారుస్తూ దాన్ని అన్నేళ్లు నిలబెట్టారు. మీరు కొంటున్నది ఒక సీజను ముచ్చట కోసం కాదని ముందే అనుకోండి.

మొదట ట్యాంకు

3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో సుమారు 190 లీటర్లు పడతాయి. ఇంతకంటే చిన్నదానితో మొదలుపెట్టవద్దు. నీళ్లు తక్కువైతే వేడి, ఉప్పదనం గంటల్లో మారిపోతాయి, ఎనిమోన్ తట్టుకోలేనిది ఆ మార్పునే. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి 250 కిలోలు దాటుతుంది కాబట్టి స్టాండు గట్టిదై ఉండాలి, నేల సమంగా ఉండాలి. పడమటి ఎండ తగిలే కిటికీ దగ్గర, వంటగది గోడ పక్కన పెట్టకండి.

రాళ్ల విషయంలో జాగ్రత్త. లైవ్ రాక్ పేరుతో అమ్మే సముద్రపు రాళ్లలో చచ్చిన పగడపు ముక్కలుంటాయి. రీఫ్, అంటే సముద్రంలో పగడపు దిబ్బ, కట్టే పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటి క్రయవిక్రయాలు నేరం. బీచ్‌లో దొరికిందని ఏరి తెచ్చుకోవడమూ వద్దు. సిరామిక్‌తో చేసిన రీఫ్ రాళ్లు దొరుకుతాయి, అవి చాలు. పేర్చేటప్పుడు సందులు, గుంటలు వదలండి. ఎనిమోన్ పాదం దాచుకోవడానికి అలాంటి చోటే వెతుక్కుంటుంది.

నీళ్లు

"సముద్రం పక్కనే కదా, రెండు డ్రమ్ముల నీళ్లు తెచ్చుకుంటే పోలా?" అని అందరూ అడుగుతారు. నా సలహా, వద్దు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. వానాకాలంలో ఈ తీరమంతా నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది, బురద పెరుగుతుంది. నదితోపాటు ఊళ్ల మురుగు, పొలాల మందులు కూడా వస్తాయి. ఇవాళ తెచ్చిన నీరు, వచ్చే నెల తెచ్చే నీరు ఒకటి కావు. ఎనిమోన్‌కి కావలసింది ఎప్పుడూ ఒకేలా ఉండే నీరు.

అందుకని రీఫ్ అక్వేరియంల కోసం తయారుచేసిన ఉప్పు కొని కలుపుకోండి. లీటరుకి సుమారు 36 గ్రాములు, అంటే 190 లీటర్లకి 7 కిలోల దాకా పడుతుంది. కలపడానికి ఆర్‌వో నీళ్లు కావాలి. మినరల్ వాటర్ ప్లాంటు క్యాన్లలో నీళ్లు తాగడానికి బాగానే ఉంటాయి గానీ వాటిలో ఇంకా కొన్ని లవణాలు మిగిలి ఉంటాయి. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, అంకె సున్నాకి దగ్గర్లో ఉండాలి. అందుకు ఆర్‌వో తర్వాత, మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ ఉన్న చిన్న యూనిట్ పెట్టుకోవడమే మంచిది. నీళ్లు పట్టడానికి రాగి బిందె, ఇత్తడి గిన్నె వాడవద్దు. కొద్దిపాటి రాగి కూడా ఎనిమోన్‌కి విషం. చేపల మందుల్లో కొన్నింట్లో రాగి ఉంటుంది కాబట్టి ఒకసారి వాటిని వాడిన ట్యాంకులో ఎనిమోన్‌ని పెట్టకండి.

ఉప్పదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటరు కొనండి. రొయ్యల హేచరీల్లో వాడేది ఇదే, కాబట్టి భోగాపురం, పూసపాటిరేగ వైపు హేచరీల్లో పనిచేసేవాళ్లెవరైనా తెలిసుంటే వాడకం ఐదు నిమిషాల్లో నేర్పిస్తారు. కానీ చెరువుల్లో చల్లే మందులేవీ ఇంటి ట్యాంకులోకి తేవద్దు. మీరు నిలబెట్టాల్సిన అంకెలివి: స్పెసిఫిక్ గ్రావిటీ (రిఫ్రాక్టోమీటరు చూపే ఉప్పదనం అంకె) 1.025 నుంచి 1.026, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, పీహెచ్ 8.1 నుంచి 8.4, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే గుణం, దాని కొలత డీకేహెచ్) 8 నుంచి 10 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు). అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం ఉంటే ఫర్వాలేదు, పూర్తిగా సున్నా కావాలని పట్టుబట్టకండి.

ట్యాంకు నిండాక అందులో బ్యాక్టీరియా కుదురుకోవాలి. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే ఈ పని కుదరడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు చేపలు వేయండి. ఎనిమోన్‌ని మాత్రం ట్యాంకు మొదలుపెట్టిన ఆరు నెలల తర్వాతే తేవాలి. దుకాణదారు "మందు సీసా వేస్తే వారంలో రెడీ" అంటే వినకండి. ఆ సీసాతో బ్యాక్టీరియా వస్తుందేమో గానీ ట్యాంకు వయసు రాదు.

మే నెల, అక్టోబరు నెల

ఎనిమోన్ కోసం ఆగే ఈ ఆరు నెలలూ మీకు చేతినిండా పనే.

వేసవిలో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు సులువుగా దాటుతాయి. వేడి అలా కొన్నాళ్లు కొనసాగితే ఎనిమోన్ తన ఒంట్లోని శైవలాలను బయటికి నెట్టేస్తుంది, తెల్లబడుతుంది, ఆకలితో కుంగిపోతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై కొంత చల్లబడుతుంది. పొడి గాలి ఉన్న ఊళ్లలో ఇది బాగా పనిచేస్తుంది గానీ, మన తీరంలో ఉక్కపోత రోజుల్లో నీరు అంతగా ఆవిరి కాదు కాబట్టి ఒకటి రెండు డిగ్రీల కంటే తగ్గదు. అందుకే చిల్లర్ కొనమంటాను. 190 లీటర్లకి పదో వంతు హార్స్‌పవర్‌ది మామూలుగా సరిపోతుంది, గది మరీ వేడైతే ఒక సైజు పెద్దది. చిల్లర్ వదిలే వేడి గాలి బయటికి పోయేలా పెట్టండి, లేకపోతే గదే వేడెక్కి చిల్లర్‌కి రెట్టింపు పని. ఇంత ఖర్చు కుదరకపోతే, మొహమాటం లేకుండా చెబుతున్నా, ఎనిమోన్ ఆలోచన మానుకుని క్లౌన్ చేపల్ని మాత్రం పెంచండి. ట్యాంకులో అవి ఎనిమోన్ లేకుండానే హాయిగా బతుకుతాయి.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. తగ్గిన మట్టాన్ని రోజూ ఉప్పు కలపని ఆర్‌వో నీటితోనే నింపాలి. కొత్తవాళ్లు ఉప్పునీళ్లు పోసి, తెలియకుండానే ఉప్పదనం పెంచేస్తుంటారు. అద్దం మీద మార్కర్‌తో గీత గీసుకుని రోజూ ఆ గీత దాకా నింపండి.

ఇక కరెంటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో స్తంభాలు నేలకొరిగి రోజుల తరబడి చీకట్లో గడిపిన సంగతి ఇక్కడెవరికీ గుర్తుచేయక్కర్లేదు. అలాంటప్పుడు ట్యాంకులో మొదట తగ్గేది ఆక్సిజన్. పంపు ఆగితే నీరు కదలదు, లైటు లేక శైవలాలు ఆక్సిజన్ విడుదల చేయవు, చేపలూ బ్యాక్టీరియా మాత్రం దాన్ని పీలుస్తూనే ఉంటాయి. లైటు రెండు మూడు రోజులు లేకున్నా ఎనిమోన్ తట్టుకుంటుంది గానీ ఆక్సిజన్ లేకపోతే తట్టుకోలేదు. కాబట్టి ఇన్వర్టర్ మీద ముందుగా వేవ్‌మేకర్, అంటే నీటిని కదిలించే పంపు పెట్టండి, లైటూ, నీటి మలినాన్ని నురగతో తీసే స్కిమ్మరూ తర్వాత. 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఫ్యాన్లేవీ తిప్పకుండా 10, 15 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే నడిపితే ఒక రోజు పైనే వస్తుంది. దానికి తోడు యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచండి. 2 వాట్ల పంపు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మీద సుమారు 12 గంటలు తిరుగుతుంది. తుఫాను హెచ్చరిక రాగానే 40 లీటర్ల ఉప్పునీళ్లు కలిపి మూతపెట్టి ఉంచండి, పవర్ బ్యాంకులన్నీ చార్జ్ చేయండి, చేపలకి తిండి ఆపేయండి.

దోమల గురించి ఒక మాట. ట్యాంకు ఉన్న గదిలో దోమల స్ప్రే కొట్టకండి, కాయిల్ వెలిగించకండి. ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్లలోకి పంపిస్తుంది, ఆ మందులు నీటి జీవుల్ని చంపుతాయి. దోమతెర కట్టుకోండి.

ఏ జాతి కొనాలి

మొదటిసారికి బబుల్ టిప్. టెంటకిల్స్ కొసలు బుడగల్లా ఉబ్బి ఉంటాయి గనుక ఆ పేరు. ఉబ్బకపోయినా జబ్బు కాదు. ఇది రాతి సందుల్లో ఉంటుంది, లైటు విషయంలో కాస్త సర్దుకుపోతుంది, ట్యాంకులో పుట్టిన పిల్లలు కూడా దొరుకుతాయి. కార్పెట్ ఎనిమోన్ పెద్దగా, అందంగా ఉంటుంది కానీ గట్టిగా కుడుతుంది, తగిలిన చేపల్ని పట్టి తినేస్తుంది. ఇంత ట్యాంకుకి దాన్ని నేను సిఫారసు చేయను. మాగ్నిఫికా అనేది ఎప్పుడూ చోటు మారుతూ ఉంటుంది, అనుభవం వచ్చాక చూద్దురు గాని.

క్లౌన్ చేపలు దానితో కలుస్తాయా అంటే ఖాయంగా చెప్పలేం. టొమాటో, మెరూన్ క్లౌన్లు సముద్రంలోనే బబుల్ టిప్‌లో ఉంటాయి. క్లార్కీ ఏ ఎనిమోన్‌నైనా ఇల్లు చేసుకుంటుంది. అందరూ అడిగే నారింజ, తెలుపు చారల ఆసెల్లారిస్ సహజంగా బబుల్ టిప్‌లో ఉండేది కాదు, ట్యాంకులో కొన్నాళ్లకి అలవాటు పడవచ్చు, పడకపోవచ్చు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతి రూపొందించింది, కాబట్టి సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీ పిల్లల్నే అడిగి కొనండి. సీతాకోక చేపలు ఎనిమోన్‌ని కొరుక్కు తింటాయి, వాటిని కలపవద్దు.

దుకాణంలో ఎంచుకోవడం

వీలైతే విశాఖపట్నం వెళ్లి కళ్లారా చూసి తెచ్చుకోండి. చెన్నై నుంచి రైల్లో, కొరియర్లో తెప్పించుకునేవాళ్లున్నారు గానీ ఎంచుకునే అవకాశం పోతుంది.

చూడాల్సినవి ఇవి. నోరు బిగుతుగా మూసి ఉండాలి, వదులుగా తెరుచుకుని లోపలి పొరలు బయటికొస్తుంటే వదిలేయండి. పాదం ఎక్కడో ఒకచోట గట్టిగా అంటుకుని ఉండాలి, చిరుగు ఉండకూడదు. గోధుమ, లేత ఆకుపచ్చ రంగు మంచిది. పాలలా తెల్లగా ఉన్నవి శైవలాలు పోగొట్టుకున్నవి. కొట్టొచ్చినట్టు పసుపు, గులాబీ రంగులో మెరిసేవాటికి రంగు వేసి ఉండొచ్చు. రెండూ వద్దు. వచ్చి కనీసం వారమైనదాన్నే అడగండి, మీ ఎదుట ఒక చిన్న ముక్క తినిపించమనండి. రాయికి అంటుకుని ఉంటే రాయితో సహా తీసుకోవడం అన్నిటికంటే మేలు. పాదాన్ని గోటితో గీకి లాగేస్తుంటే ఆపమని చెప్పండి. పాదం చిరిగినది కోలుకోవడం చాలా కష్టం.

మన తీరంలో రాళ్ల మధ్య గుంటల్లో కనబడే చిన్న ఎనిమోన్లను మాత్రం పెకలించి తేవద్దు. అవి అలల్లో, ఆటుపోట్లలో బతికేవి. పాదం చిరిగి దారిలోనే పోతాయి.

ఇంటికి తెచ్చిన రోజు

సాయంత్రం వేళ పెట్టుకోండి. అంతకుముందే వేవ్‌మేకర్‌కి, ఫిల్టర్ నోటికి, హీటర్‌కి ప్లాస్టిక్ జాలీ తొడిగి ఉండాలి. తిరిగే ఎనిమోన్ పంపులోకి వెళ్లి ముక్కలైతే ఆ ఒక్క రాత్రిలో ట్యాంకులోని చేపలన్నీ పోవచ్చు. హీటర్ మనకి డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే కావాలి గానీ, దానికి అంటుకుని కాలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దానికీ జాలీ తప్పనిసరి.

లైట్లు ఆర్పేసి, సంచీని విప్పకుండా ట్యాంకులో 20 నిమిషాలు తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తర్వాత సంచీలోని నీటితో సహా ఎనిమోన్‌ని శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బులోకి దించండి. మెడికల్ షాపులో సెలైన్ సెట్ కొనండి, దాని చిన్న చక్రంతో చుక్కల వేగం మార్చుకోవచ్చు. ట్యాంకు నుంచి టబ్బులోకి సెకనుకి 2 నుంచి 4 చుక్కలు పడేలా పెట్టండి. టబ్బులో నీరు మూడింతలయ్యేదాకా గంట, గంటన్నర ఆగండి. టబ్బు నీటి ఉప్పదనం ట్యాంకుతో సమానమైందో లేదో రిఫ్రాక్టోమీటరుతో చూశాకే ముందుకు వెళ్లండి.

దూరం నుంచి, రోజంతా సంచీలో ప్రయాణించి వచ్చినదైతే ఇంతసేపు చేయవద్దు. సంచీలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. విప్పగానే గాలి తగిలి పీహెచ్ పెరిగి ఆ అమ్మోనియా మరింత విషమవుతుంది. అలాంటప్పుడు ట్యాంకు ఉప్పదనానికి సరిపోయే నీరు ముందే సిద్ధం చేసుకుని అరగంటలో పని ముగించండి.

చేతికి గ్లవ్స్ వేసుకుని ఎనిమోన్‌ని అరచేతిలో తీసుకోండి, టబ్బు నీరు ట్యాంకులో పోయకండి. పంపులు ఆపి, మధ్యస్థంగా లైటు పడే రాతి గుంటలో పాదం కిందికి ఉండేలా కూర్చోబెట్టండి. పాదం అంటుకోవడానికి అరగంట, గంట పట్టవచ్చు. తర్వాత ప్రవాహాన్ని తక్కువ వేగంలో మొదలుపెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కునేదాకా కళ్లు నలుపుకోవద్దు. కుట్టిన చోట దద్దురు ఎక్కువగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మర్నాటికి అది మీరు పెట్టిన చోట ఉండకపోవచ్చు. వెలుతురు, ప్రవాహం తనకి నచ్చిన చోటికి పాదంతో జరుగుతూ వెళ్తుంది. వెళ్లనివ్వండి. మళ్లీ తెచ్చి మీకు కనబడే చోట పెట్టాలని చూస్తే దానికి హింస తప్ప ఏమీ ఒరగదు. రాయి వెనక్కి వెళ్లి దాక్కున్నా కొన్నాళ్లు వదిలేయండి.

లైటు మొదటి రోజే పూర్తిగా వేయకూడదు. సగం వెలుతురుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుతూ రండి, రోజుకి 8 నుంచి 10 గంటలు. నీలం, తెలుపు కలిసిన రీఫ్ ఎల్‌ఈడీ కావాలి, మామూలు ట్యూబులైటు చాలదు. మొక్కలకి, శైవలాలకి పనికొచ్చే వెలుతురుని కొలిచే పార్ మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే ఎనిమోన్ ఉన్న చోట 150 నుంచి 250 మధ్య ఉందేమో చూసుకోండి.

తిండి

మొదటి వారం ఏమీ పెట్టకండి. పాదం కుదిరి, టెంటకిల్స్ విచ్చుకున్నాక వారానికి ఒకటి రెండు సార్లు చాలు. పచ్చి రొయ్యని ఉప్పు, పసుపు తగలకముందే పక్కకు తీసి, అర సెంటీమీటరు ముక్కలు కోసి డీప్‌ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కాబట్టి సముద్రపు రొయ్య కావాలనుకుంటే ముందే నిల్వ చేసుకోవాలి. ప్లాస్టిక్ పట్టకారుతో ముక్కని టెంటకిల్స్‌కి తాకించండి, అదే నోటి దగ్గరికి తీసుకుంటుంది. పెద్ద ముక్క పెడితే సగం అరిగించుకుని కక్కేస్తుంది, నీళ్లు పాడవుతాయి. తినకపోతే ముక్క తీసేయండి, బలవంతంగా నోట్లో కుక్కకండి.

వారం వారం పని

వారానికి 20 లీటర్లు మార్చండి. కొత్త నీటి వేడి, ఉప్పదనం ట్యాంకుతో కలవాలి. అమ్మోనియా, నైట్రేట్, ఆల్కలినిటీ పరీక్షించి ఒక పుస్తకంలో రాసుకోండి. ఆల్కలినిటీ తగ్గిందని ఒక్కరోజులో పెంచేయకండి, రోజుకి ఒక డీకేహెచ్ మించకూడదు.

భయపడాల్సింది ఎప్పుడు

అప్పుడప్పుడు ఎనిమోన్ ముడుచుకుపోయి చిన్న ముద్దగా అవుతుంది, నోటి నుంచి గోధుమరంగు పదార్థం వదులుతుంది. అది విసర్జన. కొన్ని గంటల్లోనో, మర్నాటికో మళ్లీ విచ్చుకుంటుంది. ఇది చూసి కంగారుపడి నీళ్లన్నీ మార్చేయవద్దు.

రెండు మూడు రోజులు ముడుచుకునే ఉంటే ముందు ఉప్పదనం, వేడి, అమ్మోనియా చూడండి. తొంభై పాళ్లు కారణం అక్కడే దొరుకుతుంది. నోరు తెరుచుకునే ఉండిపోయి, పాదం ఊడి, ఒళ్లు కరుగుతూ దుర్వాసన వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి, గిన్నెతో నీటితో సహా బకెట్టులోకి తీసేయండి. కరిగే ఎనిమోన్ కొన్ని గంటల్లో ట్యాంకంతా అమ్మోనియా చేస్తుంది. తీశాక 50 లీటర్లు మార్చి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. ఆ బకెట్టు నీటిని చెరువులోనో, సముద్రంలోనో పోయవద్దు, బ్లీచింగ్ పౌడరు కలిపి మరుగుదొడ్డిలో పారబోయండి.

రెండయితే

బబుల్ టిప్ కుదురుకున్నాక ఒకరోజు పొద్దున్నే చూసేసరికి రెండుగా చీలి ఉండవచ్చు. బాగా పెరిగినా చీలుతుంది, ఇబ్బంది పడినా చీలుతుంది, కాబట్టి సంతోషించేముందు నీళ్లు పరీక్షించండి. రెండిటికీ గాయం మానేదాకా ఒక వారం తిండి పెట్టవద్దు. తర్వాత చిన్న ముక్కలతో మొదలుపెట్టండి. 190 లీటర్లలో రెండు పెద్దవయ్యేసరికి చోటు చాలదు, ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయాల్సి వస్తుంది. అది ఉన్న రాయితో సహా తీసి, రెండు సంచీల్లో మూడో వంతు నీరు, మిగతా గాలి ఉంచి, థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి రెండు గంటల్లోపు ప్రయాణమే, దానికి ఏమీ కాదు. కానీ ముందుగా ఒకసారి వాళ్లింటికి వెళ్లి, ట్యాంకుకి ఆరు నెలలు నిండాయో లేదో, వేవ్‌మేకర్‌కి జాలీ ఉందో లేదో స్వయంగా చూసి రండి. ఆ తర్వాతే ఇవ్వండి.